తోట అమ్మి చదవాల్సిన చదువేనా ఇది?

ఉత్తరం పెద్దది. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"మాస్టారూ, నమస్కారమండి. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. అమలాపురంలో జువాలజీ, కెమిస్ట్రీలతో బీయస్సీ చేశాను. రెండేళ్ల పైనుంచి రొయ్యల సీడ్ (రొయ్యపిల్లలు), చెరువు నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తున్నాను. యూకేలో పర్యావరణం, అంతర్జాతీయ అభివృద్ధి కలిపి ఏడాది మాస్టర్స్ ఉందని తెలిసింది. చదవాలని చాలా ఉంది. కన్సల్టెన్సీ వాళ్లు సీటు గ్యారంటీ, నెలాఖరులోగా డిపాజిట్ కట్టేయమంటున్నారు. నాన్న ఎకరంన్నర కొబ్బరితోట అమ్మేస్తానంటున్నారు. హైదరాబాదు మావయ్యేమో ఈ చదువుకి ఉద్యోగాలుండవు, డేటా సైన్స్ చేయమను అంటున్నాడు. అసలు ఇందులో ఏం చెబుతారండి? చదివాక ఏమవుతాను? మన వైపు పర్యావరణం అంటే పట్టించుకునేవాళ్లే లేరు, అందుకే ఆఫ్రికాలోనో అమెజాన్‌లోనో పని చేయాలని నా కోరిక. తప్పంటారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నాన్నతో ఎలా చెప్పాలో తెలియట్లేదు." — పేరు వేయొద్దన్న అమ్మాయి, కోనసీమ

అమ్మాయ్, వయసులో చిన్నదానివి కాబట్టి నువ్వు అనేస్తున్నాను, ఏమనుకోకు. ముందు తోట సంగతి. అమ్మొద్దు. డిపాజిట్ కూడా కట్టొద్దు. ఈ రెండు ముక్కలూ ఇవాళే ఇంట్లో చెప్పేసి, మిగతాది తీరిగ్గా చదువుకో.

చదువొద్దని కాదు నేననేది. ఈ కోర్సు గురించి అడిగే చాలామంది కన్నా నీకే ఇది బాగా నప్పుతుందని నా అభిప్రాయం, ఎందుకో కింద చెబుతాను. వాళ్లు నీకు చూపిస్తున్న డబ్బు దారి తప్పు, అంతే.

లెక్క చూద్దాం. ఇలాంటి మాస్టర్స్‌కి యూకేలో విదేశీ విద్యార్థుల దగ్గర సుమారు 20 వేల నుంచి 30 వేల పౌండ్ల దాకా తీసుకుంటున్నారు, లండన్‌లో పేరున్న చోట ఇంకా ఎక్కువ. దానిమీద అద్దె, తిండి, వీసా, ఆరోగ్య సర్‌ఛార్జి, విమానం టికెట్టు. పౌండు వంద రూపాయలు దాటిపోయింది కదా, ఎంత పొదుపుగా బతికినా 35, 40 లక్షలు లేకుండా ఏడాది గడవదు. చదువు లోను అంటావా, ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి, అది పొలమో తోటో అయితే చాలా బ్యాంకులు ముట్టుకోవు, ఎందుకంటే బాకీ పడినప్పుడు కోర్టు గుమ్మం ఎక్కకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే మన వైపు ఈ కథ చివరికి అమ్మకం దగ్గరో, నోటు రాసి నూటికి రెండు రూపాయల వడ్డీ దగ్గరో తేలుతుంది. చదువై వచ్చాక ఇక్కడ ఏ స్వచ్ఛంద సంస్థలోనో మొదటి జీతం వడ్డీకి సరిపోతే గొప్ప. చదువయ్యాక రెండేళ్లు అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పే ఉంటారు. 2027 జనవరి 1 నుంచి ఆ వీసాకి అప్లై చేసే మాస్టర్స్ వాళ్లకి 18 నెలలే. అది చెప్పారా? చాలా యూనివర్సిటీలు చేరిన విద్యార్థికి ఇంత అని కన్సల్టెన్సీలకి కమీషన్ ఇస్తాయి. అది వాళ్ల వ్యాపారం, తప్పుపట్టను. కాకపోతే కమీషన్ రాని చోటు వాళ్ల జాబితాలో కనబడదు, స్కాలర్‌షిప్ అన్న మాట వాళ్ల నోట రాదు.

ఇక అసలు ప్రశ్న, ఇందులో ఏం చెబుతారు అని. పేరులో పర్యావరణం ఉంది కదా అని నీ బీయస్సీకి ఇది కొనసాగింపు అనుకోకు. సైన్సు నుంచి వెళ్లినవాళ్లు మొదటి నెలలో కంగుతినేది ఇక్కడే.

నీ పనే తీసుకుందాం. ఒక రైతు సీసాలో చెరువు నీళ్లు తెస్తాడు. సెలైనిటీ, పీహెచ్, అమ్మోనియా, వైబ్రియో బ్యాక్టీరియా చూసి కాగితం రాసిస్తావు. సీడ్‌కి పీసీఆర్ పరీక్ష చేసి వైట్‌స్పాట్ వైరస్ ఉందో లేదో చెబుతావు. అక్కడికి నీ పని అయిపోయింది, ఈ చదువు మాత్రం సరిగ్గా అక్కడ మొదలవుతుంది. ఆ చెరువు తవ్వకముందు అక్కడ ఏముంది? సార్వా, దాళ్వా రెండూ పండిన చేనా? ఆ చేను దున్నింది ఆసామా, కౌలుదారా? వరి మీద వచ్చే కౌలు కన్నా చెరువు లీజు ఎక్కువ కాబట్టి ఆసామి ఇచ్చేశాడు, ఆయన్ని అనేదేం లేదు, కానీ కౌలుదారు చేను పోయింది, ఊడుపులకీ కోతలకీ వెళ్లే ఆడవాళ్ల పనిరోజులు పోయాయి, వీళ్లెవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, వీళ్లనెవరూ అడగనూ లేదు. పక్క చేలోకి ఉప్పు ఊట దిగింది, ఆ రైతు రెండేళ్లు ఓపిక పట్టి తనూ తవ్వించేశాడు. చెరువు నీళ్లు మార్చినప్పుడల్లా పాతవి మురుగుకాలువలోకి. తాగేనీళ్లు ఉప్పగా మారితే ఊరంతా టిన్ను నీళ్లు కొనడం మొదలెట్టింది. లాభం ఎవరి ఖాతాలో పడింది, నష్టం ఎవరింటికి వెళ్లింది, ఎవరు అనుమతిచ్చారు, ఎవరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు? ఈ కోర్సులో పర్యావరణం అంటే ఇదీ. నీళ్లలో ఏముందన్నది అందులో ఒక పేజీ.

అంతర్జాతీయం అన్నది కూడా దూరంగా ఏమీ లేదు. మన చెరువుల్లో ఇప్పుడు పెరిగే వనామీ ఈ దేశపు రొయ్యే కాదు, పసిఫిక్ అవతలిది. టైగర్ రొయ్య 1990ల మధ్యలో వైట్‌స్పాట్‌తో దెబ్బతిన్నాక, చాలా ఏళ్లకి, 2009లో దీన్ని వాణిజ్యంగా పెంచడానికి అనుమతిచ్చారు. పట్టుబడి అయ్యాక ఎక్కువ సరుకు వెళ్లేది అమెరికాకే కాబట్టి, 2025లో వాళ్లు సుంకాలు పెంచుకుంటూ పోయి ఆగస్టు చివరికి 50 శాతం చేసేసరికి ఇక్కడ గట్టు మీద రైతుకి కౌంటు ధర (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న దాన్ని బట్టి ఇచ్చే ధర) మీద దిగులు పట్టుకుంది. వాషింగ్టన్‌లో ఒక సంతకం, ముమ్మిడివరంలో మేత బాకీ. ఈ రెంటి మధ్య ఉన్న గొలుసులో ఒక్కో లంకె పట్టుకుని చూడటం నేర్పితే అది మంచి కోర్సు.

చట్టం సంగతీ చెబుతారు, కోర్టు తీర్పుల జాబితాలా కాదు, ఒక తీర్పు ఎలా పుట్టి ఎలా పలచబడిందీ అని. 1996 డిసెంబరు 11న, అంటే మన కోనసీమ తుఫాను వచ్చిన నెల దాటాక, తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ పరిధిలో సంప్రదాయ పద్ధతివి కాని రొయ్యల చెరువులన్నీ తీసేయమంది. తీసేశారా? నీ ఊరి చుట్టూ చూసుకో. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి చెరువులకి మళ్లీ దారి తెరిచింది. ఒక పక్క కోర్టు, ఒక పక్క ఎగుమతి డాలర్లు, మధ్యలో మీ మురుగుకాలువ.

బంగ్లాదేశ్‌లో ఖుల్నా ప్రాంతం గురించి చదివావా? చదవకపోతే ఇవాళే మొదలెట్టు, మన గొడవే అక్కడ మనకన్నా ముందూ మనకన్నా ఘోరంగానూ నడిచింది. 1960ల నుంచి విదేశీ సాయంతో అక్కడ తీరం పొడుగునా గట్లు పోసి, పోల్డర్లు అని పేరు పెట్టి, లోపల వరి పండించారు. గట్టు ఉప్పునీటిని ఆపింది, దాంతోపాటు ఏటి ఒండ్రునీ ఆపేసింది, లోపలి నేల పల్లమై బయట ఏరు మెరకై మురుగు దిగకుండా పోయింది. తర్వాత రొయ్యల కాలం వచ్చి, ఏ ఉప్పునీళ్లు ఆపడానికి గట్టు కట్టారో ఆ నీళ్లనే గట్టుకి గండి కొట్టి లోపలికి పెట్టుకున్నారు. 1990 నవంబరులో ఇరవై రెండో నంబరు పోల్డర్లో కరుణామయి సర్దార్ అనే ఆవిడ భూమిలేని జనంతో కలిసి దీన్ని అడ్డుకోవడానికి వెళితే చంపేశారు. ఆ పోల్డర్లోకి ఆ తర్వాత రొయ్యని రానివ్వలేదు. మరి పక్క పోల్డర్లు ఎందుకు అలా నిలబడలేకపోయాయి? ఈ ప్రశ్నకి జవాబు నీ టెస్ట్ ట్యూబులో దొరకదు. అక్కడ భూమి ఎవరి చేతిలో ఉంది, సంఘం ఎలా కట్టారు, రాజకీయం ఎటు మొగ్గింది, ఇవన్నీ తవ్వాలి.

అందుకే "మన వైపు పట్టించుకునేవాళ్లే లేరు, అమెజాన్ వెళ్తాను" అన్న మాట దగ్గర నీతో పేచీ పెట్టుకోక తప్పదు. లోకం చూడాలన్న కోరిక తప్పని ఎవరన్నారు, తప్పకుండా చూడు. కానీ నువ్వు పుట్టిన చోటే ఈ చదువుకి పెద్ద పాఠ్యాంశం, ఆ సంగతి నీకింకా తెలిసినట్టు లేదు. 1997లో మన ఉమ్మడి రాష్ట్రం కాలవల నిర్వహణ రైతులకి అప్పగిస్తూ చట్టం చేసి, రాష్ట్రమంతా ఒక్కసారిగా నీటి సంఘాలు పెట్టేసింది, వెనకాల ప్రపంచ బ్యాంకు డబ్బుంది. దేశదేశాల నుంచి వచ్చి దాని మీద రాశారు. శివారు భూములకి నీళ్లు చేరాయా, సంఘం అధ్యక్షుడు ఎవరయ్యాడు, పూడిక తీసే పని ఎవరికి వెళ్లింది అని. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా చేలు ఖాళీగా వదిలేసి పంట విరామం అన్నారు. గోదావరి పక్కనే, నీళ్లుండి, వరి పండించనని రైతు అనడమేంటని దేశం ఆశ్చర్యపోయింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. కూలిరేట్లు, ధర, పూడిపోయిన డ్రెయిన్లు, అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి అందులో. ఇవన్నీ నీ చిన్నప్పటి ఊరి కబుర్లు. అక్కడ క్లాసులో నీ పక్కన కూర్చునే లండన్ పిల్లకి ఇవి కష్టపడి సంపాదించాల్సిన సమాచారం.

ఒండ్రు సంగతి ఇంకొకటి. గోదావరి సముద్రానికి మోసుకొచ్చే ఒండ్రు 1970లతో పోలిస్తే 2000లు వచ్చేసరికి సగం కన్నా తక్కువకి పడిపోయిందని ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు లెక్క తేల్చారు, పైన కట్టిన డ్యాములే ప్రధాన కారణమన్నారు. డెల్టా అంటేనే ఒండ్రు. అది రాకపోతే నేల కుంగుతుంది, కడలి ముందుకొస్తుంది. వియత్నాంలో మెకాంగ్ డెల్టాలోనూ ఇదే, నైలు నదిలోనూ ఇదే. గోదావరి పిల్లవి మెకాంగ్ గురించి మాట్లాడితే వినేవాళ్లుంటారు. అమెజాన్ గురించి మాట్లాడితే ఇంకో దరఖాస్తు, అంతే.

ఒక హెచ్చరిక, నవ్వుతూనే చెబుతున్నాను. కాటన్ దొర విగ్రహానికి దండ వేసి పెరిగినవాళ్లం మనం. 1847లో మొదలెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి మన కడుపు నింపినాయన. అక్కడ క్లాసులో ఎవరో లేచి, అది కంపెనీ వాళ్లకి శిస్తు పెంచుకునే పెట్టుబడి కూడా కదా, నీళ్లందిన ఊరికీ అందని ఊరికీ మధ్య కొత్త తేడా పుట్టించింది కదా అంటారు. కోపం వస్తుంది. రానీ. రెండూ నిజమే కావొచ్చని ఒప్పుకునే దాకా ఆ కోపంతోనే పుస్తకాలు తిరగెయ్యి, ఆ తిరగెయ్యడమే చదువు.

రోజువారీ ఎలా ఉంటుందంటే, ల్యాబు తక్కువ, చదవడం ఎక్కువ, వారానికి ఇన్ని వ్యాసాలు అని ఇస్తారు, చదివి వెళ్లకపోతే క్లాసులో నోరు తెరవలేవు. పరీక్షల కన్నా పెద్ద పెద్ద వ్యాసాలు రాయాలి, చివర్లో ఒక సొంత పరిశోధన. గైడులో ఉన్నది కంఠతా పట్టి మార్కులు తెచ్చుకున్న అలవాటు అక్కడ పనికిరాదు, ఎవరో రాసింది తిరగరాస్తే కాపీ కింద పట్టుకుంటారు. ఈ చదువుకి పేరున్న చోట్లలో నార్విచ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా ఒకటి. వాతావరణ మార్పు మీద వాళ్ల పరిశోధన విభాగం 1972 నుంచి ఉంది, దగ్గర్లోనే నార్ఫోక్ తీరంలో మన ఉప్పాడలో లాగే ఇళ్లు సముద్రంలోకి పోతున్న ఊళ్లున్నాయి. ఎడిన్‌బరో, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ససెక్స్, మాంచెస్టర్ కూడా చూడు. నీళ్ల మీదే మనసుంటే నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్, వాగెనింగెన్. ర్యాంకుల జాబితా పక్కన పడేసి, ఆ కోర్సులో పాఠాలు చెప్పేవాళ్లు దేనిమీద రాశారో చూడు. డెల్టాల మీదో చేపల మీదో పని చేసినవాళ్లు ఒక్కరైనా ఉంటే అది నీ చోటు.

ఉద్యోగాల దగ్గర మావయ్య మాట సగం నిజం. తీపి మాటలు చెప్పను. 2025లో అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌ని మూసేసింది, జులై 1కి దాని కథ ముగిసింది. బ్రిటన్ తన సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027 కల్లా 0.3 శాతానికి తగ్గిస్తానంది. దాంతో పదేళ్ల అనుభవమున్నవాళ్లు కూడా బయటపడ్డారు, కొత్తగా పట్టా పుచ్చుకున్న పిల్లలు వాళ్లతో పోటీ పడాలి. ఇక్కడ మన దేశంలో 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించి, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వకూడదన్నారు. పెద్ద సంస్థల నుంచి వచ్చే ఆ డబ్బు మీద బతికే చిన్న సంస్థలు చితికిపోయాయి. ఐక్యరాజ్యసమితి జీపు మీద నీలం జెండా, అందులో నువ్వు, ఈ బొమ్మ ఏదైనా మనసులో ఉంటే తీసెయ్యి.

అయితే పని లేదని కాదు, వేరే చోట్ల ఉంది. ఎగుమతి రొయ్యకి ఏఎస్‌సీ, బీఏపీ లాంటి సర్టిఫికెట్లు అడుగుతున్నారు కొనేవాళ్లు. నీళ్లు, మందులు, కూలీల పరిస్థితి అన్నీ తనిఖీ చేస్తారు. చెరువు గట్టు తెలిసి, తెలుగులో రైతుతో మాట్లాడి, ఇంగ్లీషులో రిపోర్టు రాసి, ఆ సర్టిఫికెట్‌లో ఉన్న డొల్లతనం కూడా పట్టుకోగల మనుషులు ఎంతమంది ఉన్నారు? వెయ్యి పెద్ద లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, సమాజం మీద ఏటా నివేదిక ఇవ్వాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది, ఆ నివేదికలు రాయడానికీ రాసింది నిజమో కాదో చూడటానికీ మనుషులు కావాలి. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది, 2024లో పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది దానికి. కోరింగ మడ అడవుల మీద, తుఫాను ముందస్తు పనుల మీద, పోలవరం నిర్వాసితుల పునరావాసం మీద పని ఎప్పటికీ తీరదు. వీటిలో జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాలు కావు. అది తెలిసే దిగాలి.

మావయ్య నోరు మూయించే చిట్కా ఒకటి చెప్పనా. డేటా సైన్స్ పట్టా అక్కర్లేదు గాని పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకో, ఉచితంగా దొరుకుతుంది. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 1970ల నుంచి ఉన్నాయి, సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి, రెండూ పైసా ఖర్చు లేకుండా దింపుకోవచ్చు. మీ మండలంలో 2009కి ముందు ఎంత చేను ఉంది, ఇప్పుడెంత చెరువైంది అని నువ్వే పటం గీయి. ఆ ఒక్క పటం నీ దరఖాస్తుకి పది సర్టిఫికెట్ల పెట్టు.

ఇక డబ్బు దారి. నీకు డిగ్రీ ఉంది, రెండేళ్ల పైన ఉద్యోగం ఉంది, అంటే బ్రిటన్ ప్రభుత్వ చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కి అర్హత దగ్గరే ఉన్నావు. 2,800 గంటల పని అనుభవం అడుగుతారు, లెక్క వేసుకో, ల్యాబు నుంచి సర్వీసు కాగితం ఇప్పుడే తీసుకో. ఫీజు, నెలనెలా ఖర్చులు, విమానం అన్నీ వాళ్లవే. చదువయ్యాక రెండేళ్లు తిరిగొచ్చి ఇక్కడే ఉండాలన్నది షరతు. మామూలుగా ఆగస్టులో తెరిచి అక్టోబరు మొదట్లో మూసేస్తారు. కామన్వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్ అయితే సొంత డబ్బుతో వెళ్లలేనివాళ్ల కోసమే పెట్టింది, నీలాంటి వాళ్లకి చక్కగా సరిపోతుంది. యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ ఉంది, రెండేళ్లు, రెండు మూడు దేశాల్లో చదువు, స్కాలర్‌షిప్ వస్తే నెలకి 1,400 యూరోలు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీ విద్యార్థులకీ, భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తుల వాళ్ల పిల్లలకీ ఉంది. నీ కుటుంబం సంగతి నాకు తెలీదు, అర్హత ఉంటే వదలకు. అయితే 2022లో వాళ్ల మార్గదర్శకాల్లో భారతీయ సమాజం, సంస్కృతి, చరిత్ర మీద చేసే అంశాలకి ఇవ్వమని రాశారు, మీ ఊరి కౌలుదార్ల మీద చదువుతాను అంటే ఇబ్బంది కావొచ్చు, అప్లై చేసే ఏడాది నిబంధనలు ఒకటికి రెండుసార్లు చదువు.

ఇవేవీ మొదటిసారే రావు, రాకపోతే ఏడవకు. పోటీ ఎక్కువ. అందుకని దాంతోపాటే మన దేశంలోనూ అప్లై చేసి పెట్టుకో. ముంబయి టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో పర్యావరణం, వాతావరణ మార్పుల మీద ఎంఏ ఉంది, బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీలో డెవలప్‌మెంట్ ఎంఏ ఉంది, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. ఢిల్లీ అంబేద్కర్ యూనివర్సిటీలో అయితే కోర్సు పేరే పర్యావరణం, అభివృద్ధి. యూకేకి అయ్యేదాంట్లో చిన్న భాగంతో ఇక్కడ రెండేళ్లు నికరమైన చదువు. నన్నడిగితే ముందు ఇక్కడ చదివి, రెండేళ్లు పని చేసి, అప్పుడు పూర్తి స్కాలర్‌షిప్‌తో బయటికి వెళ్లడం అన్నింటికన్నా మేలు. మీ ఇంట్లో పెళ్లి తొందర పెడతారేమో, అది నువ్వు రాయలేదు, నేనూ ఊహించను.

దరఖాస్తు వ్యాసాలు చదివే పని నాకు పడింది కాబట్టి చెబుతున్నాను, "చిన్నప్పటి నుంచి ప్రకృతి అంటే ప్రాణం" అని మాత్రం మొదలెట్టకు. అందరికీ ప్రాణమే. నీళ్ల సీసా పట్టుకొచ్చిన ఒక్క రైతు గురించి రాయి. ఆయనకి నువ్విచ్చిన కాగితంలో ఏముంది, ఆయన అడిగినదాంట్లో నువ్వు చెప్పలేకపోయింది ఏంటి, అది చెప్పడానికి నీకు ఏం తెలియాలి. దాన్నుంచి ప్రశ్న దానంతటదే బయటికొస్తుంది. చెరువులకి ఇచ్చేసిన ఊళ్లలో కౌలుదార్లు ఏమయ్యారు? ఒక ఇల్లు నెలకి మంచినీళ్లకి ఎంత పెడుతోంది, ఆ బిందె మోసేది ఎవరు? మీ పంచాయతీలో ఎన్ని చెరువులకి అనుమతి ఉంది, ఇది సమాచార హక్కు కింద మత్స్యశాఖని అడగొచ్చు, పది రూపాయల పని. దగ్గర్లో ఏ పరిశ్రమకైనా ప్రజాభిప్రాయ సేకరణ పెడితే వెళ్లి వెనక కూర్చో, ఎవరు మాట్లాడారు, ఎవరికి మైకు ఇవ్వలేదు అన్నది రాసుకో. ఒకటి మాత్రం జాగ్రత్త, మీ ల్యాబుకి వచ్చే రైతుల రిపోర్టులు వాళ్లవి, వాటిని తీసుకుని నీ వ్యాసంలో పెట్టకు, అడిగి ఒప్పించి తీసుకున్నదే వాడు.

నాన్నతో ఎలా చెప్పాలో తెలియట్లేదు అని ఉత్తరం చివర రాశావు. తోట అమ్ముతాననడం ఆయన ప్రేమ, దానికి ఉపన్యాసం ఇవ్వకు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి నేలకొరిగిన తోటల్లో మళ్లీ మొక్క పాతి, కాపుకొచ్చే దాకా ఓపిక పట్టిన తరం అయ్యుండొచ్చు ఆయనది, నల్లి, తెల్లదోమ అన్నీ తట్టుకుని ఇప్పటికీ దింపు మీద నాలుగు డబ్బులు వస్తున్నాయంటే అది తేలిగ్గా వచ్చింది కాదు. ఒక ఏడాది గడువు అడుగు చాలు. స్కాలర్‌షిప్‌లకి అప్లై చేస్తాను, ఇక్కడ సీట్లకీ రాస్తాను, ఈ లోపు ఉద్యోగం మానను అని చెప్పు. ఏ తండ్రీ కాదనడు.

మిగతావి చిన్నవి. మూడేళ్ల డిగ్రీ యూకేలో మాస్టర్స్‌కి సరిపోతుంది, దానికోసం ఇంకో డిప్లొమా చేయాలని ఎవరైనా అంటే నమ్మకు. ట్రాన్స్‌క్రిప్టులకి యూనివర్సిటీలో ఇప్పుడే అర్జీ పెట్టు, చివరి నిమిషంలో తిరిగితే చెప్పులరుగుతాయి. రిఫరెన్సులకి నీకు పాఠం చెప్పిన లెక్చరరు ఒకరు, ల్యాబు ఇంచార్జి ఒకరు ఉండాలి, ఆగస్టులో కాదు, ఇప్పుడే వెళ్లి కలువు. డిపాజిట్ ఈపాటికే కట్టేసి ఉంటే కంగారు పడకు, రసీదూ, డబ్బు ఎప్పుడు వెనక్కి ఇస్తారో రాసిన కాగితమూ అడిగి తీసుకో, నోటిమాట మీద వదిలేయకు, ఇవ్వనంటే యూనివర్సిటీకే నేరుగా మెయిల్ పెట్టు, జవాబిస్తారు.